హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మా అబ్బాయి ముఖం వేయాలా, వద్దా?

కావలి ఫ్లెక్సీ అన్న

అందరికీ నమస్కారం. నాది కావలి. ట్రంకు రోడ్డు నుంచి ఒక సందు లోపలికి వస్తే నా షాపు. ప్రింటింగ్ మిషన్ ఒకటి, కంప్యూటర్లు రెండు, డిజైన్ చేసే కుర్రాడు ఒకడు, కట్టడానికి వెళ్లేవాళ్లు ఇద్దరు. 16 ఏళ్లుగా ఇదే పని. అంతకుముందు నెల్లూరులో ఒక ఆర్టిస్టు దగ్గర బోర్డులు రాయడం నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు 47.

వచ్చే నెల ఒక హీరో పుట్టినరోజు. ఏ హీరో అని మాత్రం అడగొద్దు. చెబితే కింద ఆయన ఫ్యాన్సూ అవతలాయన ఫ్యాన్సూ కొట్టుకుంటారు, నా ప్రశ్న గాలికి పోతుంది. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న రాత్రి షాపు కట్టేసే టైముకు అయిదుగురు పిలకాయల్ని వెంటేసుకుని వచ్చాడు. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కావాలంట. అందరూ చెప్పాల్సింది చెప్పాక చివర్లో మెల్లగా, "నాన్నా, కింద వరసలో మూడోది నాది" అన్నాడు.

240 చదరపు అడుగులు. అడుగు 10 రూపాయల లెక్కన 2,400. కర్రలు, కట్టే కూలి వేరే. డబ్బు దగ్గర పేచీ లేదు, చందాలు వేసుకుని 1,500 అప్పుడే చేతిలో పెట్టారు. అందులో మావాడి వాటా ఎక్కడిదిరా అని నిలదీస్తే కాలేజీ బస్సు పాసు డబ్బులని తేలింది. నాలుగు రోజులుగా వాళ్లనీ వీళ్లనీ లిఫ్టు అడిగి కాలేజీకి పోతున్నాడు.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఫ్లెక్సీలో హీరో బొమ్మ గురించి నాతో గొడవపడినవాడు ఇంతవరకు లేడు. "కొత్త స్టిల్ ఏదన్నా మంచిది చూసి వెయ్యన్నా" అంటారు, అంతే. గొడవంతా 'ఇట్లు' దగ్గర. ఇట్లు అని రాసి కింద వరసగా ముఖాలు పెడతాం కదా, అక్కడ. ఎవరిది ముందు, ఎవరిది వెనక, ఎవరిది గుండ్రంలో తల వరకే, ఎవరిది నడుము దాకా, ఎవరు కూలింగ్ గ్లాసు పెట్టుకున్నారు, ఎవరి పేరు బంగారు రంగులో ఉంది. తెల్లగా చెయ్యమని అడగనివాడు లేడు. ఒకసారి ఒక్క ఫ్లెక్సీకి 41 ముఖాలు తెచ్చారు. ఇన్ని ఎక్కడ పట్టిస్తానయ్యా అంటే వాళ్లలో పెద్దవాడు కాసేపు స్క్రీను వంక చూసి, "హీరోని కొంచెం తగ్గించన్నా" అన్నాడు.

తగ్గించాను. ఆయనకేం, ఆయన వచ్చి చూస్తాడా.

ఇంకోసారి ఒక ముఖం పొరపాటున జారిపోయింది. రాత్రి 11 గంటలకు కట్టారు. తెల్లారి 6 గంటలకు నా షట్టరు ఎవరో దబదబా బాదుతున్నారు. తీసి చూస్తే ఆ కుర్రాడి తండ్రి. కొడుకు ఇంట్లో అన్నం తినలేదంట. కొత్తది ఊరికే వేసిచ్చాను.

2020 సెప్టెంబర్ 25 బాగా గుర్తుంది. బాలు గారు పోయారని మధ్యాహ్నం వార్త వచ్చింది. ఆయన పెరిగింది నెల్లూరులో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తిప్పరాజువారి వీధిలో తన ఇంటిని వేదపాఠశాల కోసం కంచి మఠానికి రాసిచ్చారు. ఆ సాయంత్రం నుంచి తెల్లారేదాకా మిషన్ ఆగలేదు. శ్రద్ధాంజలి, అశ్రునివాళి, మళ్లీ శ్రద్ధాంజలి. అడ్వాన్సు ఎవరినీ అడగలేదు, అయినా అందరూ కట్టేశారు, నా సర్వీసులో అలా జరిగింది ఆ ఒక్కసారే. డిజైన్ కుర్రాడు ఏడుస్తూనే పనిచేశాడు. ఆ ఫ్లెక్సీల్లో కూడా ఇట్లు ఉంది. అక్కడ కూడా, "నా ఫొటోలో నవ్వుతున్నానేమో, మారుద్దామా అన్నా" అని అడిగినవాళ్లు ఉన్నారు.

మా జిల్లాకు 2008 నుంచి పొట్టి శ్రీరాములు గారి పేరు. ఆంధ్ర రాష్ట్రం కోసం అన్నం మానేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలిన మనిషి. మార్చి 16 ఆయన జయంతి. ఆ రోజుకు నా దగ్గర పడేది ఒకటో రెండో.

సరే, మావాడి సంగతికి వస్తాను. అందరూ వెళ్లాక ఎందుకురా ఇది అని అడిగాను. తిట్టలేదు, మామూలుగానే అడిగాను. "కాలేజీలో నన్ను 417 అంటారు నాన్నా. హాజరు పిలిచేది అట్టే, తిట్టేది అట్టే. సెంటర్లో ఫ్లెక్సీ ఉంటే పేరుతో చూస్తారు కదా" అన్నాడు. నాకు మాట రాలేదు. వాళ్లమ్మకు చెబితే, "వేస్తే ఏం పోతుంది, ఊరందరివీ వేస్తున్నావు" అంది.

ఆవిడ అన్నదీ నిజమే. ఊళ్లో వాళ్ల పిలకాయల ముఖాలు 16 ఏళ్లుగా వేస్తున్నాను, ఆ డబ్బుతోనే ఇల్లు గడిచింది. నా కొడుకు ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎందుకు ఆడటం లేదో నాకే అర్థం కావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

లైటు తీసుకో

ముఖానికి 50 రూపాయలు పెట్టన్నా. సగం మంది వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

కావలి ఫ్లెక్సీ అన్న

తమ్ముడూ, రెండేళ్ల కిందటే పెట్టాను. ముఖాలు పెరిగాయి.

ఒంగోలు టీచరు

తమ్ముడూ, నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఉండేది లాయర్‌పేట. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను.

మా అమ్మమ్మది సింగరాయకొండ పక్కన పల్లె. నేను పుట్టకముందు ఊరంతా కలిసి టూరిస్టు బస్సు మాట్లాడుకుని తిరుమల వెళ్లారు. ఆ రోజుల్లో తిరుమల నుంచి బస్సు తిన్నగా ఇంటికి వచ్చేది కాదు, మద్రాసు వెళ్లేది. టి.నగర్‌లో రామారావు గారి ఇంటి ముందు జనం దిగి నిలబడితే పొద్దున్నే ఆయన బయటికి వచ్చి కనిపించేవారు. అమ్మమ్మ తిరుమల లడ్డూలో సగం ఆయన చేతిలో పెట్టానని చచ్చేదాకా చెప్పుకుంది. అంత దగ్గరికి రానిచ్చారో లేదో ఆ వెంకటేశ్వరస్వామికే తెలియాలి. 1982 మార్చి 29న ఆయన పార్టీ పెట్టారు, తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరిలో ముఖ్యమంత్రి. అమ్మమ్మ ఓటేసి వచ్చి వేలు చూపిస్తూ "కిష్ణమూర్తికి వేశా" అందంట. నవ్వినవాళ్లను పట్టుకుని తిట్టిందంట.

నేను ప్రైవేటుగా కట్టి ఎమ్మే సోషియాలజీ చదివాను. అందులో ఒక పాఠం ఉంది. తెర మీదా రేడియోలోనూ రోజూ కనిపించే, వినిపించే మనిషితో జనం తమకు తామే చుట్టరికం కలుపుకుంటారని, అవతలివాడికి మనం ఉన్నామనే తెలియదని, 1956లోనే హోర్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికావాళ్లు రాశారు. చదువుతుంటే నాకు అమ్మమ్మ లడ్డూయే గుర్తొచ్చింది. కానీ మీ అబ్బాయిది ఆ లెక్కలోకి రాదు. మా అమ్మమ్మ ఆయన్ను చూడ్డానికి పోయింది. మీవాడికి ఆ హీరోతో పెద్ద పనేమీ లేదు, ఊరికి కనిపించాలి. హీరో ఒక గోడ. గోడ పెద్దదైతే దాని మీద రాసింది ఎక్కువమంది చదువుతారు.

మీరు శ్రీరాములు గారి సంగతి చెప్పారు కాబట్టి ఇదీ వినండి. పోయినేడు ఎనిమిదో తరగతిలో ప్రకాశం ఎవరురా అని అడిగాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మన జిల్లా టీచర్" అన్నాడు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకుల ముందు చొక్కా తీసి రొమ్ము చూపించిన మనిషి అని చెప్పాను. విన్నారు. అదే మనిషి చిన్నప్పుడు ఒంగోల్లో నాటకాల్లో వేషాలు కట్టేవాడని చెప్పగానే క్లాసంతా నిటారుగా కూర్చుంది. ఏ వేషం టీచర్, హీరోనా విలనా అని ఒకటే అడగడం. దొడ్డవరం ఇక్కడికి దగ్గరే, భానుమతి గారు పుట్టిన ఊరు. ఆ ఊరి నుంచి వచ్చే పిల్ల నా క్లాసులోనే ఉంది, ఆమెకు ఈ పేరు తెలియదు. దానికి నేనేమీ బాధపడలేదు, పేర్లు అలా వస్తాయి, పోతాయి.

మీ అబ్బాయి విషయంలో నా చెవికి గట్టిగా తగిలింది ఆ 417. ఫ్లెక్సీ సంగతి తర్వాత, ముందు కాలేజీకి వెళ్లి ఆ పంతుళ్లకు మీవాడి పేరు చెప్పి రండి. నేనూ పంతులమ్మనే, 60 మంది ఉన్న క్లాసులో మొదటి నెల పేర్లు నాకూ రావు. కానీ రెండో నెలకు రావాలి.

ఇంకొక్కటి అడుగుతాను, ఏమనుకోవద్దు. మీరు వేసే ప్రతి ఫ్లెక్సీ కింద మూల మీ షాపు పేరు, ఫోన్ నంబరు ఉండవా?

నెల్లూరు పాత అభిమాని

ఫ్లెక్సీ అన్నకు నమస్తే. మీరు రాసింది బాగుంది గానీ, అభిమానులంటే ముఖం పిచ్చోళ్లు అన్నట్టు రాశారు, అది మాత్రం ఒప్పుకోను.

మాది మూలాపేట. తొంభైల్లో మా హీరో అభిమాన సంఘానికి ఆరేళ్లు సెక్రటరీ చేశాను. అప్పుడు ఫ్లెక్సీ ఎక్కడిది? సినిమా రీళ్ల పెట్టె స్టేషన్లో దిగితే మేళాలతో థియేటర్ దాకా ఊరేగించేవాళ్లం. కాగితాలు చించి గోనెసంచులకెత్తుకుని పోయేవాళ్లం. రాత్రంతా గోడలకు మైదా పేస్టుతో పోస్టర్లు. ఇంట్లో తిట్లు, బయట పోలీసు లాఠీ. ఒప్పుకుంటాను, మాకూ పేరు యావ ఉండేది. సంఘానికి లెటర్‌ప్యాడ్ కొట్టించాం, దాని మీద నా పేరు చూసుకుని పడుకునేవాణ్ణి. జిల్లా పేపర్లో మూడు లైన్లు పడితే కత్తిరించి దాచుకున్నాను, ఇప్పటికీ బీరువాలో ఉంది.

కానీ 1998 అక్టోబర్ 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలైనప్పటి నుంచి రక్తం ఇవ్వడం అభిమానుల్లో ఒక అలవాటైంది. నేను ఇప్పటికి 31 సార్లు ఇచ్చాను. మొదటిసారి హీరో కోసమే ఇచ్చాను, అబద్ధం చెప్పను. సూది చూస్తే కళ్లు తిరిగేవి. మూడోసారో నాలుగోసారో ఒక పెద్దాయన ఆసుపత్రి మెట్ల మీద నా చేతులు పట్టుకున్నాడు. కోడలు కాన్పు, రక్తం దొరకలేదు. ఆ తర్వాత హీరో ఎవరైతే ఏంటి, మూడు నెలలు కాగానే నేనే పోతున్నాను. ఆ మాయదారి అభిమానం లేకపోతే నేను ఆ మెట్లు ఎక్కేవాణ్ణి కాదు. దీన్ని ఏ లెక్కలో వేస్తారు మీరు?

ఇక మీవాడి గురించి. ముఖం వేయండి, వేయకపోండి, అది మీ ఇంటి సంగతి. ఎక్కడ కడుతున్నారు, దేంతో కడుతున్నారు, అది అడగండి ముందు. 2020 సెప్టెంబర్ 1 రాత్రి చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర పుట్టినరోజు బ్యానర్ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు కుర్రాళ్లు పోయారు. 25 అడుగుల బ్యానర్. 2023 జూలైలో నరసరావుపేట దగ్గర ఇద్దరు, 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో ముగ్గురు. హీరోలు ముగ్గురూ వేరు, కరెంటు తీగ ఒకటే. పైగా ఇవన్నీ రాత్రిపూటే జరుగుతాయి. తెల్లారేసరికి ఊరు చూడాలి కదా, అందుకని చీకట్లో కడతారు.

గుంపు కూడా అంతే. కందుకూరు మీకు ఎంత దూరం? 2022 డిసెంబర్ 28న రోడ్ షో తొక్కిసలాటలో 8 మంది పోయారు. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర, హీరో వచ్చిన ప్రీమియర్ షోలో ఒక తల్లి పోయింది. 2025 సెప్టెంబర్ 27న కరూరులో 41 మంది. సినిమావాడా రాజకీయమా అన్నది పక్కనపెట్టండి. ఆరేళ్లు థియేటర్ గేటు దగ్గర నిలబడినవాడిగా చెబుతున్నాను, తెలిసిన ముఖం కనపడగానే వెనకవాడు ముందుకు తోస్తాడు, ముందువాడికి వెనక్కి పోవడానికి దారి ఉండదు. మా రోజుల్లో ఏమీ జరగలేదంటే మా తెలివి కాదు, అదృష్టం.

కావలి ఫ్లెక్సీ అన్న

మేడమ్, మీరు అడిగిన ప్రశ్నకు రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. ఉంటుంది. ప్రతి ఫ్లెక్సీ కింద కుడి మూల నా షాపు పేరు, నంబరు ఉంటాయి. శ్రద్ధాంజలి వాటి మీద కూడా.

నాకు పని నేర్పిన ఆర్టిస్టు గురించి చెప్పాలి. నెల్లూరులో సినిమా కటౌట్లు గీసేవాడు. చిన్న ఫొటో మీద పెన్సిలుతో గళ్లు కొట్టి, ప్లైవుడ్ మీద అన్నే పెద్ద గళ్లు కొట్టి, గడి గడికీ చూసుకుంటూ ఎక్కించేవాడు. హీరో కన్ను ఒక్కటే నా మొండెమంత ఉండేది. నేను కిందనుంచి రంగు డబ్బాలు అందించేవాణ్ణి. దగ్గర్నుంచి చూస్తే అది కన్నని తెలిసేది కాదు, నల్లటి మరక అంతే. రోడ్డు అవతలికి పోయి టీ తాగుతూ చూస్తేనే కన్ను. నలభై అడుగుల కటౌట్ అయిపోయాక హీరో బూటు పక్కన, ఎవరికీ కనపడనంత చిన్నగా, తన పేరు రాసి పక్కన 'ఆర్ట్స్' అని పెట్టేవాడు. అది మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. బ్రష్షు కడిగి, కొత్తగా రంగు కలిపి రాసేవాడు. ఫ్లెక్సీ వచ్చాక ఆయనకు పని పోయింది. నేను మిషన్ కొన్నప్పుడు ఆయనకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

అభిమాని అన్నా, మీ 31 సార్లకు దండం. మీరన్న తీగ సంగతి మాకు తెలుసు, కానీ తెలిసీ ఇనుప ఫ్రేము ఇస్తూనే ఉన్నాం. ఇక ఇవ్వను.

ప్లాస్టిక్ వద్దు

అసలు ఫ్లెక్సీలు ఎందుకండీ? మూడు రోజుల సంబరం, ఆ తర్వాత కాలవలో చెత్త.

కావలి ఫ్లెక్సీ అన్న

సార్, 2022 ఆగస్టులో నిషేధం ప్రకటించినప్పుడు మిషన్ మీద అప్పు ఇంకా తీరలేదు. గడువు 2023 జనవరి 26కి జరిగింది. ఆ అయిదు నెలలు నాకు నిద్ర లేదు. గుడ్డ మీద వేసిచ్చి చూశాను, ధర వినగానే ఫోన్ పెట్టేసేవాళ్లు. మీ మాట తప్పని అనను. చెత్త మాత్రం కాదు, పాత ఫ్లెక్సీని మా వైపు ఎవరూ పారేయరు. వామి మీద, గుడిసె మీద, రొయ్యల గుంటల దగ్గర అది కప్పని చోటు లేదు.

గూడూరు కుర్రోడు

బాబాయ్, నేను చెబుతా వినండి. నాది గూడూరు. నెల్లూరు యాసలో రీల్స్ చేస్తాను, నిమ్మకాయల మార్కెట్లో బేరాలు, మా పెదమ్మ తిట్లు, అట్టాంటివి. 38 వేల మంది ఫాలోవర్లు. వయసు 22. మీవాడికి ఫ్లెక్సీ ఎట్టాగో నాకు ఫోన్ అట్టాగ.

మొదటి వీడియో పది లక్షల మంది చూసిన రాత్రి నాకు జ్వరమొచ్చింది, నిజం. మా నాయన పొద్దున లేచి, "ఎంతొచ్చింది?" అన్నాడు. ఏమీ రాలేదు. ఆ తర్వాత నెలకు ఒక బట్టల షాపు వాళ్లు వచ్చారు, 3,000 ఇచ్చారు. ఆ తర్వాత ఒక బెట్టింగ్ యాప్ వాళ్లు. ఒక్క రీలుకు 20,000. మా నాయనకు మార్కెట్లో హమాలీ పని, అంత సంపాదించాలంటే ఎన్ని బస్తాలు మొయ్యాలో లెక్క వేసుకోండి. చేశాను. నవ్వుతా, "నేనైతే రోజూ ఆడతాన్రా అబ్బయ్యా" అన్నాను. ఒక్క రోజు ఆడలేదు.

నెలన్నరకు మా వీధి కుర్రాడు వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టాడని తెలిసింది. నన్ను చూసే ఆడాడా, ఇంకెవరినన్నా చూశాడా తెలీదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. రోడ్డు మీద కనిపిస్తే ఫోన్ తీసి సెల్ఫీ అడిగేవాడు, ఇప్పుడు అడగడం మానేశాడు. అంతే. రీలు తీసేశాను గానీ చూసినవాళ్ల కళ్లలోంచి ఎట్టా తీస్తాను.

అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదం 2020లోనే నిషేధం. తప్పుదోవ పట్టించే యాడ్ చేస్తే 2019 వినియోగదారుల చట్టం కింద చేసినవాడికీ 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బుతో ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీదా మాలాంటి రీల్స్ వాళ్ల మీదా కలిపి కేసులు పెట్టారు. పెద్దోళ్లకు లాయర్లు ఉంటారు. టీవీలో ఆ లిస్టు స్క్రోల్ అవుతుంటే మా నాయన గ్లాసు కింద పెట్టి, "నీ పేరు ఉందా?" అన్నాడు. లేదు అన్నాను. నమ్మలేదు, చివరిదాకా చూశాడు.

మీవాడికి ముఖం వేసెయ్యండి బాబాయ్. 2,400కి పోయేది. మూడు రోజులకు మున్సిపాలిటీవాళ్లు పీకేస్తారు. ఫోన్లో ఉన్నది ఎవరూ పీకరు.

ఒంగోలు టీచరు

గూడూరు బాబూ, ఆ కుర్రాడి ఇంటికి వెళ్లావా?

గూడూరు కుర్రోడు

వెళ్లాను మేడమ్. కమ్మలు విడిపించడానికి సగం నేను కట్టాను. వాళ్లమ్మ టీ ఇచ్చింది. తాగలేకపోయాను.

కావలి ఫ్లెక్సీ అన్న

అయిదు వారాలైంది. చాలామంది మెసేజ్ పెట్టి ఏమైందని అడుగుతున్నారు.

వేశాను. కొన్ని షరతులు పెట్టాను. ముఖాలన్నీ ఒకే సైజు, అక్షర క్రమంలో. ఇది వినగానే ఇద్దరు చందా వెనక్కి అడిగారు. పేరు 'య'తో మొదలయ్యే కుర్రాడైతే అక్షరాలు కనిపెట్టినవాణ్ణి తిట్టాడు. మావాడిది 'వ'. మూడో స్థానం పోయి చివరికి పోయింది. ఏమీ అనలేదు. ఇనుప ఫ్రేము వద్దని వెదురు కర్రలే ఇచ్చాను. తీగలు లేని గోడ నేనే చూశాను, పట్టపగలు కట్టించాను, నేనే నిచ్చెన పట్టుకున్నాను. పగలు కడితే కిక్కేముంది అన్నారు. కిక్కు లేకుండానే కట్టారు.

మావాడి ముఖం కట్ చేసే పని డిజైన్ కుర్రాడికి ఇవ్వలేదు. నేనే కూర్చున్నాను. మౌసుతో చెంప చుట్టూ గీత గీస్తూ పోతే పై పెదవి దగ్గర సన్నగా మీసం వస్తోందని అప్పుడు చూశాను. రోజూ నా ఎదురుగా అన్నం తినే పిల్లాడు. వేలెడంత ముఖాన్ని స్క్రీనంత పెద్దది చేస్తే గానీ నాకు కనపడలేదు. తెల్లగా చెయ్యమని వాడూ అడిగాడు. చెయ్యలేదు, చేశానని చెప్పాను.

కాలేజీకి కూడా వెళ్లాను మేడమ్, మీరు చెప్పినట్టే. వాడి పేరు, ఇంటిపేరు, వాడికి లెక్కలు ఇష్టమనీ చెప్పి వచ్చాను. సారు రాసుకున్నాడు. ఇప్పుడు ఏమని పిలుస్తున్నారో మావాడు చెప్పడు, నేను అడగను. బస్సు పాసు డబ్బులకు బదులు ఆదివారాలు షాపుకొచ్చి ఐలెట్లు, అంటే ఫ్లెక్సీ అంచుల్లో తాడు దూర్చే రింగులు, కొడుతున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి.

ఇంకో సంగతి. ఈసారి కింద మూల నా షాపు పేరు వేయలేదు. వేయకూడదని కాదు, మర్చిపోయాను. గోడకు కట్టాక చూసుకున్నాను. 16 ఏళ్లలో ఇదే మొదలు.

నాలుగో రోజు ఫ్లెక్సీ మాయమైంది. మున్సిపాలిటీవాళ్లు తీసుంటారనుకున్నాం. మొన్న పనిమీద తుమ్మలపెంట రోడ్డులో పోతుంటే, రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు పెట్టుకునే షెడ్డు మీద కనపడింది. తలకిందులుగా కప్పారు. హీరో ఉన్న సగం మీద రేకులు, రాళ్లు. కింద వరస మాత్రం బయటికే ఉంది, పదకొండు ముఖాలూ ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. చివరిది మావాడిది. బండి ఆపి కాసేపు నిలబడ్డాను. షెడ్డులో మనిషి లేడు. మావాడికి ఇంకా చెప్పలేదు.

ఆ గుంట ఎవరిదో ఈ పక్క వాళ్లకు తెలిస్తే చెప్పండి. ఆ ఫ్లెక్సీ నాకు ఇచ్చేస్తే అదే సైజులో కొత్తది, ఉత్తది, అక్షరం ముక్క లేకుండా, ఊరికే ఇస్తాను. అంచులు అంటించి, ఐలెట్లు కొట్టించి ఇస్తాను. వానల్లోపు అయితే మంచిది.